పులిహోర డబ్బా మీద చీటీ



"పులిహోరల గోధుమలు ఏడికెల్లి వస్తయక్కా?"

ఈ మాట అడిగినవాడు కరీంనగర్ కుర్రాడు. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ చదువుకుంటూ, వారంలో కొన్ని గంటలు ఒక తెలుగు టిఫిన్ల కొట్లో పని చేస్తున్నాడు. అడిగింది ఆ కొట్టు నడిపే అమ్మాయిని. గుంటూరు వైపు పిల్ల, మా అమ్మాయికి స్నేహితురాలు. ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. అలమరలోంచి ఇంగువ డబ్బా తీసి, వెనక్కి తిప్పి వాడి చేతిలో పెట్టింది. వాడు చదివి నాకిచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని చూశాను. చీమ తలకాయలంత అక్షరాలు: గోధుమ పిండి, బంక, ఇంగువ. మనం పోపులో వేసేది అచ్చ ఇంగువ కాదు, పిండీ బంకా కలిపి చేసింది. అరవై అయిదేళ్ళుగా తింటున్నాను, డబ్బా వెనక ఏం రాసుందో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు.

కుర్రాడు అచ్చువేసిన చీటీల మీద పల్లీలున్నాయి, ఆవాలున్నాయి. గోధుమ లేదు. అప్పటికే ముప్పై ఆరు డబ్బాలకు అంటించేశాడు. అన్నీ పీకి కొత్తవి అంటించాలి. పోనీ నేనూ ఓ చెయ్యి వేద్దామని లేచాను. "అయ్యో, మీరు ముట్టుకోకండి బాబాయిగారూ! మీరు విజిటర్ వీసా మీద వచ్చారు. ఉత్తినే చేసినా ఇక్కడ దాన్ని పనే అంటారు," అని కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వాళ్ళిద్దరూ గోళ్ళతో చీటీలు గీకుతుంటే నేను మగపెళ్ళివారిలా కూర్చుని చూశాను.

2025 మే నుంచి అక్టోబర్ దాకా ఆర్నెల్లు అక్కడున్నాను. లండన్ వంతెనలకంటే ఆ కొట్టు వెనకగదే ఎక్కువ చూశాను. బ్రిటన్‌లో వచ్చిన కొత్త చట్టాల గురించి మాట్లాడమని రేడియోవారు అడగ్గానే నాకు మనసులో మెదిలింది పార్లమెంటు కాదు, ఆ చీటీలు.

ఆ చీటీల వెనక ఒక పిల్ల ఉంది. పేరు నటాషా ఎడ్నన్ లాపరూస్. పదిహేనేళ్ళు. 2016 జూలైలో తండ్రితో, స్నేహితురాలితో కలిసి ఫ్రాన్స్‌లోని నీస్‌కు వెళ్ళబోతూ హీత్రో విమానాశ్రయంలో ఒక శాండ్‌విచ్ కొనుక్కుంది. ఆ పిల్లకు నువ్వులు పడవు. పొట్లం మీద చూసుకుంది, నువ్వుల ఊసు లేదు. రొట్టె పిండిలోనే నువ్వులు కలిపి కాల్చారు కాబట్టి పైకి కనబడనూ లేదు. విమానంలో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందలేదు. ఇలాంటి ఆపదకని దగ్గర ఉంచుకున్న ఇంజెక్షన్లు రెండూ తండ్రి ఇచ్చాడు. అయినా పిల్ల దక్కలేదు.

ఇందులో గుండెను పిండే సంగతి ఇంకోటుంది. చీటీ మీద రాయకపోవడం ఆనాటికి చట్టం ప్రకారం తప్పు కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పొట్లమైతే ఏమేం కలిపారో రాసి తీరాలి. అదే కొట్లో చేసి, అదే కొట్లో పొట్లం కట్టి అమ్మితే రాయక్కర్లేదు. అమ్మేవాడు ఎదురుగానే ఉంటాడు కదా, అడిగి తెలుసుకుంటారులే అని ఆ వెసులుబాటు. వీధి చివర మిఠాయి కొట్టుకి ఆ లెక్క సరిపోతుంది. వందల శాఖలున్న సంస్థకీ అదే వెసులుబాటు దొరికింది. 2018లో జరిగిన విచారణలో ఈ కన్నం బయటపడింది. అనుమానాస్పద మరణాలను విచారించే అధికారిని అక్కడ కారనర్ అంటారు. చావుకు కారణం తేల్చడంతో ఆయన పని అయిపోదు, ఇలాంటిది మళ్ళీ జరక్కుండా ఏం చేయాలో ప్రభుత్వానికి రాసి పంపవచ్చు, ప్రభుత్వం దానికి జవాబివ్వాలి. తల్లిదండ్రులు పట్టు వదల్లేదు. 2019లో నిబంధన తయారైంది, 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొట్లవాళ్ళు తయారుకావడానికి దాదాపు రెండేళ్ళ గడువిచ్చారన్నమాట. కాగితాల మీద దాని పేరు ఆహార సమాచార సవరణ నిబంధనలు. ఆ పేరు ఎవరి నోటా వినలేదు నేను. అందరూ నటాషా చట్టమనే అంటారు.

చీటీ మీద తప్పనిసరిగా కొట్టొచ్చినట్టు కనబడాల్సిన వస్తువులు పద్నాలుగు. ఆ జాబితా చదువుతుంటే సగం దాకా మన వంటింటి గట్టు ముందు నిలబడినట్టే ఉంది. ఆవాలు, నువ్వులు, పల్లీలు, గోధుమ, పాలు, జీడిపప్పూ బాదంపప్పూ లాంటివి, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతలూ. మనకు కొత్తగా తోచేవి సెలరీ, లూపిన్ గింజలు, ఆల్చిప్పల జాతి. సోయా ఉంది, ఎండుపళ్ళు నిలవ ఉండటానికి వాడే సల్ఫైట్లున్నాయి. శనగపప్పు లేదు, మినప్పప్పు లేదు, కొబ్బరి లేదు. "మిరపకాయ లేదు బాబాయిగారూ, మా గుంటూరు పరువు దక్కింది," అని నవ్వింది ఆ అమ్మాయి.

కానీ ఆవాల సంగతి చూడండి. పోపు లేని తెలుగు వంట ఏముంది? పులిహోర, పెరుగన్నం, కొబ్బరి పచ్చడి, సాంబారు, ఉప్మా, అన్నింటి చీటీ మీదా ఆవాలు ముద్దక్షరాల్లో ఉండాల్సిందే. సున్నుండలో నెయ్యి ఉంటే పాలు అని రాయాలి. పల్లీ పట్టు తగిలిన గరిటె ఇడ్లీ పిండిలో పెట్టకూడదని కుర్రాడికి ఆ అమ్మాయి రోజూ చెప్పేది. ఆ గరిటెకు ఎర్ర రిబ్బను కట్టి వేరే మేకుకు తగిలించింది.

అప్పటికప్పుడు వేసిచ్చే దోసెకు మాత్రం చీటీ అక్కర్లేదు. గిరాకీ రాకముందే డబ్బాలో పెట్టి మూత వేసి ఉంచితేనే చీటీ. దోసె అడిగినవాళ్ళకు నోటితో చెప్పవచ్చు, కాకపోతే సరిగ్గా చెప్పాలి. అందుకని ఆ అమ్మాయి ఒక నల్ల ఫైలు పెట్టుకుంది. ప్రతి వంటకానికీ ఒక పేజీ. ఓ ఇంగ్లీషు ముసలావిడ ప్రతి శనివారం వచ్చి మసాలా దోసె తినేది. ప్రతి శనివారం ఆవిణ్ణి అడిగేది, మీకు పడనివి ఏమైనా ఉన్నాయా అని. ఆవిడ ప్రతి శనివారం లేవనేది. మన పక్క అలా అడిగితే, నిన్నగాక మొన్న చెప్పానుగా అని విసుక్కుంటారు.

ఇవన్నీ సరిగ్గా చేస్తున్నారో లేదో చూడటానికి కౌన్సిల్ ఆఫీసు నుంచి మనిషి వస్తాడు. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ అనుకోండి. చెప్పి రాడు. ఫ్రిజ్ తలుపు తీసి వేడి చూస్తాడు, ఫైలు తిరగేస్తాడు. శుభ్రతకు సున్నా నుంచి అయిదు దాకా మార్కు వేస్తారు, దాన్ని కొట్టు అద్దానికి అంటించుకోవచ్చు. ఆ అమ్మాయి కొట్టుకు అయిదు. అయితే ఇక్కడొక తిరకాసుంది. వేల్స్‌లో 2013 నుంచి, ఉత్తర ఐర్లండ్‌లో 2016 నుంచి ఆ మార్కు అంటించడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో ఇష్టమైతేనే. ఒకటి వచ్చినవాడు ఏ ధైర్యంతో అంటిస్తాడు? చీటీ మీద ఇంగువలోని గోధుమను వదలని దేశం, కొట్టు తలుపు మీద మార్కును వదిలేసింది. ఇంత పకడ్బందీ చేసినవాళ్ళు ఆ చివరి మేకు ఎందుకు కొట్టలేదో నాకు అంతుపట్టలేదు.

బ్రిటన్ అంటే ఒకటే చట్టం కాదని అప్పుడే అర్థమైంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్, చాలా సంగతుల్లో ఎవరి దారి వారిదే. కొట్లో ఇచ్చే ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవాలన్న నిబంధన వేల్స్‌లో 2011లో వస్తే, ఇంగ్లండ్‌కు 2015లో గానీ రాలేదు.

ఇంతకీ ఈ చట్టాలు ఏ రోజు మొదలవుతాయో చూస్తే ఒక తమాషా ఉంది. వ్యాపారులకు సంబంధించిన కొత్త నిబంధనలను సంవత్సరానికి రెండు రోజుల్లోనే, ఏప్రిల్ 6న, అక్టోబర్ 1న తేవాలని అక్కడి ప్రభుత్వం చాలాకాలం క్రితమే ఒక పద్ధతి పెట్టుకుంది. రోజుకొకటి వచ్చి పడితే చిన్న కొట్లవాళ్ళు ఎక్కడ చూసుకుంటారని. ఏప్రిల్ 6 ఏమిటంటారా? వాళ్ళ పన్నుల సంవత్సరాది అది. 1752లో క్యాలెండరు మార్చినప్పుడు పదకొండు రోజులు గాల్లో కలిసిపోయాయి. జనం ఊరుకున్నా పన్నులవాళ్ళు మాత్రం తమ రోజులు వదులుకోలేదు, సంవత్సరాన్ని ముందుకు జరుపుకున్నారు. మనం రెండు పంచాంగాల మధ్య పండగ ఏ రోజని కొట్టుకుంటాం. వాళ్ళ కొట్లాట ముగిసి పన్నుల తేదీ ఒక్కటి మిగిలింది.

కొట్టు వెనకగదిలో వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఒకటుంది. ఏకాదశులకు పసుపు చుక్క. ఏప్రిల్ 6కూ, అక్టోబర్ 1కీ ఎర్రసున్నా. ఆ 2025 ఏప్రిల్ ఆ అమ్మాయికి బాగా గుర్తు. 1వ తేదీ నుంచి ఇరవై ఒకటి నిండినవాళ్ళ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. వారం తిరక్కుండా, పనివాళ్ళ తరఫున యజమాని కట్టే జాతీయ బీమా 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. చిన్న వ్యాపారులకు అందులో 10,500 పౌండ్ల దాకా మినహాయింపు ఇచ్చారు కాబట్టి తట్టుకున్నానంది. పులిహోర డబ్బా ధర మాత్రం పెంచక తప్పలేదు.

చిన్నవాళ్ళను వదిలిపెట్టే చట్టాలూ ఉన్నాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితమని తీపి, కొవ్వు, ఉప్పు ఎక్కువున్న సరుకులు అమ్మడం ఇంగ్లండ్‌లో 2025 అక్టోబర్ 1 నుంచి మానెయ్యాలన్నారు. పిల్లలు లావైపోతున్నారని. అది యాభై మంది, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకే. నటాషా చట్టంలో ఆ మినహాయింపు లేదు, ఇద్దరున్న కొట్టూ రాయాల్సిందే. అది న్యాయమే అనిపించింది నాకు. నువ్వు గింజ పెద్ద కొట్టుదా చిన్న కొట్టుదా అని పిల్ల ఊపిరితిత్తులు చూడవు కదా. కాకపోతే పెద్ద సంస్థకు చీటీలు రాయడానికి ఒక విభాగం ఉంటుంది. ఇక్కడ రాత్రి పదింటికి, కాళ్ళు పీకుతుండగా, ఆ అమ్మాయే రాయాలి.

ఆ రెండు తేదీలకూ లొంగని చట్టాలూ కొన్నున్నాయి. ఒకసారి పీల్చి పారేసే వేప్ గొట్టాలను 2025 జూన్ 1న దేశమంతా నిషేధించారు. సిగరెట్టుకు బదులు పొగలాంటి ఆవిరి పీల్చే రంగురంగుల గొట్టాలవి, పుచ్చకాయ వాసన, మామిడి వాసన. వారానికి 50 లక్షల దాకా చెత్తబుట్టల్లో పడుతున్నాయని 2023లో లెక్క తేల్చారు. ప్రతిదాంట్లో లిథియం బ్యాటరీ ఉంటుంది, చెత్తలారీలో నలిగితే నిప్పు. మా పక్క కొట్లో మే నెలాఖరున తెగనమ్మేశారు. జూన్ రెండోవారంలో తొంగిచూస్తే అదే ఆకారం, అదే రంగు, అదే మామిడి వాసన. కింద ఛార్జింగు కన్నం ఒకటి కొత్తగా వచ్చింది. మళ్ళీ నింపుకోవచ్చు కాబట్టి ఇది నిషేధంలోకి రాదు. నింపుకునేవాళ్ళు ఎందరో నాకు తెలియదు గానీ, బస్‌స్టాపు దగ్గర తుప్పల్లో మాత్రం వాటిని చాలానే చూశాను. అందుకే ఏ చట్టాన్నయినా మొదటి నెల చూసి మెచ్చుకోకూడదు.

కుర్రాడి కథకొద్దాం. ఈ కొట్టుకు రాకముందు ఒక రెస్టారెంటులో వడ్డన పని చేసేవాడు. పేరు చెప్పను. తిన్నవాళ్ళు కార్డు గీకి టిప్పు ఇస్తే అది ఎక్కడికి పోయేదో వాడికి తెలిసేది కాదు. బల్ల మీద పెట్టిన చిల్లర వాడిది, కార్డులో వచ్చింది యజమాని దయ. చట్టమూ అప్పట్లో అంతే. 2023లో టిప్పుల పంపకంపై పార్లమెంటు చట్టం చేసింది, 2024 అక్టోబర్ 1 నుంచి అది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో అమలవుతోంది. వచ్చిన టిప్పంతా పనివాళ్ళకే పంచాలి. కార్డు ఖర్చులని, పగిలిన గ్లాసులని కోత పెట్టకూడదు. ఈ నెల వచ్చింది వచ్చే నెలాఖరులోగా చేతికందాలి. ఎవరికెంత అన్నది రాతలో ఉండాలి, ఆ లెక్కలు మూడేళ్ళు దాచాలి, పనివాడు అడిగితే చూపాలి. ఏజెన్సీ తరఫున వచ్చినవాడికీ వాటా ఉంటుంది. అన్యాయం జరిగితే ట్రైబ్యునల్‌కు వెళ్ళడానికి పన్నెండు నెలల గడువుంది.

"మరి అడిగావా?" అన్నాను.

"లెక్క చూపియ్యమని అడిగిన అంకుల్. మరుసటి వారం నుంచి షిఫ్టులు తగ్గించిండ్రు."

అదీ సంగతి. హక్కు కాగితం మీద ఉంది, షిఫ్టు మేనేజరు చేతిలో ఉంది. ట్రైబ్యునల్‌కు వెళ్ళొచ్చుగా అంటే, థీసిస్ రాయాలా, కేసు రాయాలా అన్నాడు. చదువు వీసా మీద ఉన్నవాడు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలు మించి పని చేయకూడదు. మించితే వీసాకే ఎసరు. పని ఇచ్చినవాళ్ళ మీద కూడా వేటు పడుతుంది. హక్కు లేని మనిషిని పనిలో పెట్టుకుంటే 2024 ఫిబ్రవరి నుంచి మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా, మళ్ళీ దొరికితే 60,000. మన డబ్బులో అరకోటి పై మాటే. నన్ను చీటీ ముట్టుకోనివ్వకపోవడం మర్యాద కోసం కాదని అప్పుడు తెలిసొచ్చింది. కుర్రాడి గంటలు ఆ అమ్మాయి పాలవాడి లెక్కలా గోడ మీద గీతలు గీసి ఉంచేది.

వాడి అద్దె గది చూశాను. నలుగురు పిల్లలు, కిటికీ పక్కన నల్లగా బూజు. తడిబట్టలు గదిలోనే ఆరేస్తున్నారు, ఆ చలిలో ఇంకెక్కడ ఆరేస్తారు? ఆ బూజు వెనకా ఒక పేరుంది. అవాబ్ ఇషాక్. రోచ్‌డేల్ ఊళ్ళో 2020 డిసెంబర్‌లో చనిపోయాడు, రెండేళ్ళు నిండాయంతే. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం. బూజు గురించి తండ్రి 2017 నుంచే మొత్తుకుంటుంటే దాని మీద రంగు వేసుకోమన్నారట. ఆ పసివాడి పేరు మీది చట్టం నేనక్కడ ఉండగానే, 2025 అక్టోబర్ 27న అమల్లోకి వచ్చింది. ప్రాణాపాయమైతే ఇంటి యజమాని సంస్థ ఇరవై నాలుగు గంటల్లో బాగుచేయాలి, తీవ్రమైన చెమ్మా బూజూ అయితే పది పనిదినాల్లో వచ్చి చూడాలి. అయితే అది కౌన్సిల్ ఇళ్ళు, గృహ సంఘాల ఇళ్ళకు మాత్రమే. మన పిల్లలుండే ప్రైవేటు అద్దె ఇళ్ళకు ఆ పేరు ఇంకా చేరలేదు.

ఇంకో తల్లి సంగతి చెప్పాలి. ఫిగెన్ మర్రీ. 2017 మే 22న మాంచెస్టర్‌లో సంగీత కచేరీ నుంచి జనం బయటికొస్తున్నప్పుడు జరిగిన పేలుడులో 22 మంది పోయారు, వారిలో ఆవిడ కొడుకు మార్టిన్ ఒకడు. జనం గుమిగూడే చోట్లకు భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి చేయాలని ఏళ్ళ తరబడి తిరిగింది. 2024 మేలో మాంచెస్టర్ నుంచి లండన్‌లో ప్రధాని ఇంటి దాకా, సుమారు 200 మైళ్ళు నడిచింది. ఆవిడ చేరిన రోజు మే 22. ప్రధాని రిషి సునాక్ కలిసి చట్టం తెస్తామని మాటిచ్చాడు. కొన్ని గంటలకే వానలో తడుస్తూ బయటికొచ్చి ఎన్నికలు ప్రకటించాడు. బిల్లు ఆగిపోయింది. తర్వాతి ప్రభుత్వం తెచ్చిన చట్టానికి 2025 ఏప్రిల్ 3న రాజుగారి ఆమోదం దొరికింది. 200 మంది, అంతకు మించి చేరే చోట్లకు వర్తిస్తుంది, అమలుకు కనీసం రెండేళ్ళ గడువుంది. మన సంఘాలవాళ్ళు ఉగాదికీ, బతుకమ్మకూ అద్దెకు తీసుకునే హాళ్ళు చాలావరకు అందులోకి వస్తాయి. హాలు ఎవరి అధీనంలో ఉంటే బాధ్యత వాళ్ళది.

ఇన్ని పేర్లు వింటుంటే మన పేర్లు గుర్తొచ్చాయి. నిర్భయ చట్టం 2013లో వచ్చింది. 2019లో హైదరాబాద్ శివార్లలో జరిగిన ఘోరం తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. అవి ఆ ఆడపిల్లల అసలు పేర్లు కావు. అలాంటి నేరంలో బాధితురాలి పేరు బయటపెట్టకూడదని మన చట్టమే అంటుంది, అందుకని పెట్టుకున్న పేర్లు. అక్కడ వీళ్ళు వేరే రకంగా పోయిన పిల్లలు, అమ్మానాన్నలే ముందుకొచ్చి పేరిచ్చారు. ఎవరైనా అడిగితే ఆ పేరు చెప్పే అవకాశం ఆ తల్లులకుంది.

నేను బయల్దేరే ముందురోజు సాయంత్రం కొట్టుకెళ్ళాను. క్యాలెండరులో రెండు పేజీలే మిగిలాయి. చివరి పేజీ అంచున ఎర్రపెన్నుతో 2027 మార్చి 31 అని రాసుంది. ఏమిటమ్మా అది, ఇంకా ఏడాదిన్నర ఉందే అన్నాను. పదిమందికి తక్కువ పనివాళ్ళున్న కొట్లు ఆహారపు చెత్తను, తిరిగి పనికొచ్చే చెత్తను, మిగతాదాన్ని వేరువేరుగా ఇవ్వడానికి గడువట అది. పెద్దవాళ్ళకు 2025 మార్చి 31నే మొదలైంది. అప్పటికే మూడు బుట్టలు తెచ్చి వరసగా పెట్టింది. కుర్రాడు ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ముద్ద పట్టుకుని, సగం నూనె, సగం పిండి, నడుమ టెంక, ఏ బుట్టలో వేయాలో తెలియక నిలబడ్డాడు.

"బాబాయిగారూ, టెంక ఆహారం కిందికి వస్తుందంటారా?" అంది.